నడిచినా వచ్చిందంటే ఇక నడక ఎందుకు?

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 68 కిలోలు. బీపీ, షుగర్ లేవు, నెలసరి ఇంకా వస్తోంది. మా అక్కకు రెండేళ్ల కిందట, 49వ ఏట, రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు మాత్రలు వాడుతోంది. అక్క ఏళ్ల తరబడి రోజూ తెల్లవారుజామున నడిచేది. నేనూ నడక మొదలుపెడదామనుకుంటే మా అత్తగారు, "రోజూ నడిచినదానికే వచ్చింది, నడవని నువ్వు నిక్షేపంగా ఉన్నావు, పొద్దస్తమానం ఇంటిపని చేస్తూనే ఉన్నావు, అది చాలదా?" అంటున్నారు. వ్యాయామం వల్ల ఆడవాళ్లకు క్యాన్సర్ ముప్పు నిజంగా తగ్గుతుందా? ఇంటిపని సరిపోదా? ఈ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా? 17 ఏళ్ల మా అమ్మాయి విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి? ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువు ఎత్తవద్దని అక్కకు అందరూ చెబుతున్నారు, అది నిజమేనా?

సమాధానం: మీ అక్కగారి విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నలన్నింటి వెనుకా ఉన్నది "అంత జాగ్రత్తగా ఉన్న మనిషికి ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్నే. వ్యాయామం రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది, అంతేకాని రాకుండా అడ్డుకోలేదు. ఆ "కొంత" ఎంతో లెక్క వేసి చూస్తే మీ అత్తగారి వాదన ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. వెయ్యి మంది స్త్రీలలో జీవితకాలంలో 30 మందికి ఈ జబ్బు వస్తుందని అనుకుందాం. వాళ్లందరూ బాగా వ్యాయామం చేసేవారై, దానివల్ల ముప్పు పది శాతం తగ్గితే, జబ్బు పడేవారు 27 మంది అవుతారు. ముగ్గురు తప్పించుకున్నారు, కాని ఆ ముగ్గురూ ఎవరో వాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. రోజూ నడిచీ జబ్బు పడిన 27 మంది మాత్రం అందరికీ కనిపిస్తారు, వాళ్లను చూపించి "నడిచి ఏం లాభం?" అని అడగడం సులభమవుతుంది.

ఈ జబ్బుకు దారితీసే కారణాలలో చాలావరకు మన చేతిలో లేనివే. పెరిగే వయసు, చిన్న వయసులోనే రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లాగిపోవడం, పుట్టుకతో వచ్చిన జన్యువులు, కాన్పుల సంఖ్య, మొదటి కాన్పు నాటి వయసు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బిడ్డకు పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ముప్పు నాలుగు శాతానికి పైగా తగ్గుతుందని 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. కాబట్టి మీ అక్కగారు నడకలో ఏదో లోపం చేశారనో, తిండిలో పొరపాటు చేశారనో ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. చికిత్స ముగించుకుని ఇల్లు చేరిన మనిషి చుట్టూ "ఎందుకు వచ్చిందో" అన్న విచారణ మొదలవుతుంది. ఆవిడకు దానివల్ల మేలేమీ జరగదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వ్యాయామానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద ఇప్పటివరకు వచ్చినవాటిలో చాలా పెద్దదైన ఒక పరిశీలన 2016లో వెలువడింది. అమెరికా, యూరప్‌లలో జరిగిన 12 అధ్యయనాలను కలిపి, 14.4 లక్షల మంది స్త్రీపురుషుల వివరాలతో, 26 రకాల క్యాన్సర్లను అందులో పరిశీలించారు. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవారిలో, చాలా తక్కువగా చేసేవారితో పోలిస్తే, 13 రకాల క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. రొమ్ము క్యాన్సర్ 10 శాతం, పెద్దపేగు క్యాన్సర్ 16 శాతం, గర్భాశయం లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ 21 శాతం తక్కువ. దీనికి చాలా ముందే, 1997లో, నార్వేలో పాతికవేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారిలో రొమ్ము క్యాన్సర్ 37 శాతం తక్కువని ప్రకటించారు. తరువాత వచ్చిన పెద్ద అధ్యయనాలలో ఆ అంకె తగ్గుతూ వచ్చింది. అందుకే నేను మీకు 10 నుంచి 20 శాతం మధ్య మాటే చెబుతాను. వాట్సాప్‌లో "నడకతో క్యాన్సర్ సగానికి సగం మాయం" అని వచ్చే సందేశాలు ఇలాంటి పాత, చిన్న అధ్యయనాల నుంచి అనుకూలమైన అంకె ఒకటి ఏరుకుని రాసినవే అయివుంటాయి.

ఆ అంకెలను కూడా కళ్లు మూసుకుని నమ్మవలసిన పని లేదు. వ్యాయామం చేసేవారు సాధారణంగా కాస్త చదువుకున్నవారు, పొగతాగనివారు, పరీక్షలు చేయించుకునేవారు అయివుంటారు. మేలు నడకదా, ఆ మిగతా అలవాట్లదా అని విడదీయడం కష్టం. పైన చెప్పిన 2016 పరిశీలనలోనే ఒక చిత్రమైన ఫలితం ఉంది: ఎక్కువగా వ్యాయామం చేసేవారిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ 27 శాతం ఎక్కువగా కనిపించింది. వ్యాయామం చర్మాన్ని పాడుచేసి కాదు, ఆరుబయట పరుగెత్తే తెల్లజాతివారి చర్మానికి ఎండ ఎక్కువగా తగిలినందువల్ల అని పరిశోధకులు భావించారు. మన చర్మానికి ఆ బెడద చాలా తక్కువే కాని, ఒక అంకె పక్కన మరొకటి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాకపోవచ్చని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మరి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? శరీరం లోపల ఏం జరుగుతుందో చూసిన ప్రయోగాల నుంచి. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, ముట్లాగిపోయిన, వ్యాయామం అలవాటు లేని 320 మంది స్త్రీలను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత ఏడాది పాటు వారానికి ఐదు రోజులు వ్యాయామం చేయించారు. రెండో జట్టును మామూలుగానే ఉండమన్నారు. ఏడాది చివర మొదటి జట్టు రక్తంలో ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైన ఈస్ట్రడయోల్ అనే హార్మోను తగ్గింది. ఇలా చీటీ వేసి విడదీసినప్పుడు చదువు, డబ్బు, అలవాట్ల తేడాలు రెండు వైపులా ఇంచుమించు సమానంగా పంచుకుపోతాయి కనుక, మిగిలిన తేడా వ్యాయామానిదేనని ధైర్యంగా అనవచ్చు.

ఈ హార్మోను సంగతి మీ వయసువారు తప్పక తెలుసుకోవాలి. నెలసరి వచ్చినన్నాళ్లూ ఈస్ట్రోజెన్ ప్రధానంగా అండాశయాలలో తయారవుతుంది. ముట్లాగిపోయాక అండాశయాలు ఆ పని మానేస్తాయి, అప్పుడు శరీరంలోని కొవ్వు కణజాలమే దాన్ని తయారుచేసే చోటవుతుంది. కొవ్వు ఎక్కువైనకొద్దీ ఈస్ట్రోజెన్ ఎక్కువ, రొమ్ము కణాలనూ గర్భాశయపు లోపొర కణాలనూ విభజన చెందమని నిరంతరం తట్టి లేపేది అదే. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ కూడా పెరుగుతుంది. ఇన్సులిన్ కణాల పెరుగుదలను నేరుగా ప్రోత్సహించడమే కాక, రక్తంలో ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ప్రోటీను తయారీని తగ్గిస్తుంది, దానివల్ల స్వేచ్ఛగా తిరిగే హార్మోను ఇంకా పెరుగుతుంది. కండరం పనిచేస్తున్నప్పుడు రక్తంలోని చక్కెరను తానే లాక్కుంటుంది కనుక ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఈ మేలు కొంత దక్కుతుంది. గర్భాశయ లోపొర క్యాన్సర్ విషయంలో మాత్రం వ్యాయామం ఎక్కువగా బరువు తగ్గించడం ద్వారానే పనిచేస్తుందని 2016 అధ్యయనం చూపించింది. బరువును లెక్కలోకి తీసుకుని చూస్తే అక్కడి 21 శాతం మేలు దాదాపు మాయమైంది.

అందుకే మీ బరువు గురించి ఒక మాట. మీ ఎత్తుకు 68 కిలోలంటే, బరువు ఎత్తుకు తగ్గట్టుందో లేదో చూపే బీఎంఐ అనే కొలత 28 దాటుతుంది. మన దేశస్థులకు వైద్యులు పెట్టుకున్న కొలత ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఇందులో మీరు ఒంటరివారేమీ కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు, అదీ ఆ సర్వే వాడిన 25 అన్న సడలింపు కొలతతో. బరువు చూసుకునే యంత్రం కంటే దర్జీ టేపు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. బొడ్డు మట్టంలో నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు, దాటకుండా ఉండాలన్నది మన స్త్రీలకు చెప్పే హద్దు.

తోబుట్టువుకు వచ్చింది కనుక మీకు ముప్పు కొంత ఎక్కువే, దాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. తల్లికో, అక్కచెల్లెళ్లలో ఒకరికో, కూతురికో ఈ జబ్బు వచ్చిన స్త్రీకి ముప్పు రెట్టింపుకు కాస్త తక్కువగా ఉంటుంది. అయితే జబ్బు పడిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఇళ్లలో అంత దగ్గరి బంధువులెవరికీ ఇది ఉండదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. మీలాంటి కుటుంబాలవారికి వ్యాయామం పనిచేస్తుందా అన్న ప్రశ్నకూ సమాధానం ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్న 15,550 మంది స్త్రీలను గమనించగా, అందరికంటే ఎక్కువగా వ్యాయామం చేసిన వర్గంలో ముప్పు 20 శాతం తక్కువగా తేలింది. రక్తసంబంధం వల్ల వచ్చిన ముప్పును నడక చెరిపివేయదు, దాని మీద కొంత తగ్గింపు ఇస్తుంది.

మరో ముఖ్యమైన పని ఉంది. మీ అక్కగారికి 49వ ఏటే వచ్చింది కాబట్టి, బ్రాకా జన్యుపరీక్ష (వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యులోపాన్ని వెతికేది) అవసరమా అని ఆవిడకు చికిత్స చేసిన డాక్టరును అడగండి. ఈ పరీక్ష ముందు జబ్బు వచ్చిన మనిషికే చేయాలి, ఆరోగ్యంగా ఉన్న చెల్లెలికి కాదు. ఆవిడలో లోపం దొరికితేనే మీకు, మీ అన్నదమ్ములకు, పిల్లలకు వెతకడంలో అర్థం ఉంటుంది. బయాప్సీ రిపోర్టు కాగితాలు పారేయకుండా ఫైలులో దాచమనండి. కణితి ఏ రకమన్నది, అంటే హార్మోను గ్రాహకాలు ఉన్నదా, లేక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకమా అన్నది, ఆ నిర్ణయానికి చాలా అవసరం.

ఇంటిపని మాటకొస్తే, మీ అత్తగారు చెప్పినది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. యూరప్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో జరిగిన ఒక అధ్యయనంలో, ఇంటిపని బాగా చేసేవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గింది, ముట్లాగిపోయినవారిలో సుమారు 19 శాతం, నెలసరి ఉన్నవారిలో 29 శాతం. కాని ఏ ఇంటిపని? బావి నుంచి నీళ్లు తోడి, రోట్లో పిండి రుబ్బి, బండ మీద దుప్పట్లు బాది ఉతికిన రోజుల్లో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఈనాటి వంటింట్లో స్త్రీ పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉంటుంది, కాళ్లు లాగుతాయి, నడుము పట్టేస్తుంది, ఒళ్లంతా అలసిపోతుంది, అయినా గుండె వేగం మాత్రం పెద్దగా పెరగదు. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడటం అలసటే కాని వ్యాయామం కాదు. గది గదికీ వంగి చీపురుతో ఊడ్చి, తడిబట్టతో తుడిచి, బకెట్టుతో నీళ్లు మోసి, తడిబట్టలు రెండంతస్తులు ఎక్కి డాబా మీద ఆరవేస్తే అది వ్యాయామమే. మీ పనిలో ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ఆ పని చేస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. పాట కూనిరాగం తీస్తూ చేయగలుగుతున్నారంటే శరీరం ఇంకా మేలుకోలేదని అర్థం. సాయంత్రం పార్కులో సీరియల్ కథ చెప్పుకుంటూ సాగే నడకలు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి.

మోతాదు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన సూటిగానే ఉంది: మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో వారానికి 150 నుంచి 300 నిమిషాలు, లేదా బాగా ఆయాసం వచ్చే వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు, దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే పని. క్యాన్సర్ విషయంలో ఈ లెక్కలో పై అంచు వైపు ఉండటం మంచిది. ఇదివరకు ఒక్కసారి మొదలుపెడితే పది నిమిషాలకు తగ్గకూడదనే నియమం ఉండేది, 2020లో దాన్ని ఎత్తివేశారు. ఆ సడలింపు ఎంత సమంజసమో బ్రిటన్‌లో 2023లో వచ్చిన ఒక అధ్యయనం చూపిస్తుంది. వ్యాయామమంటూ ప్రత్యేకంగా ఏదీ చేయని 22 వేల మంది చేతికి కదలికలను కొలిచే పరికరం కట్టి గమనిస్తే, రోజు మొత్తంలో నిమిషం చొప్పున అక్కడక్కడా గబగబా మెట్లెక్కడం, సంచులు మోస్తూ వడివడిగా నడవడం లాంటివి మూడున్నర నిమిషాలు చేసినవారిలో కూడా క్యాన్సర్ ముప్పు 17, 18 శాతం తక్కువగా కనిపించింది. ఇది కూడా దూరం నుంచి గమనించిన లెక్కే కాబట్టి దీన్ని పట్టుకుని నడక మానవద్దు, తీరిక దొరకని రోజున మాత్రం ఊరట పొందండి.

ఆచరణలో ఇలా మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు మామూలుగా నడిచి, తరువాత చేతులు ఊపుతూ, బస్సు వెళ్లిపోతోందన్నంత వడిగా నడిచి, చివర రెండు నిమిషాలు నెమ్మదించండి. ప్రతి వారం ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ నలభై ఐదు దాకా తీసుకెళ్లండి. చెప్పులు మడమ వెనుక పట్టీ ఉన్నవి గాని, బూట్లు గాని కావాలి, హవాయి చెప్పులతో వడిగా నడిస్తే వేళ్లతో వాటిని పట్టి ఉంచడానికే కాలు శ్రమపడి పిక్కలు నొప్పెడతాయి. రొమ్ములు బరువుగా ఉండి నడుస్తుంటే నొప్పి అనిపించేవారు చాలామంది సిగ్గుతో ఆ మాట చెప్పక నడకే మానేస్తారు. గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా ఆ ఇబ్బందిని తీరుస్తుంది. మీ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటాక నడవవద్దు, వీధి కుక్కల భయమో చీకటి భయమో ఉంటే డాబా మీదే నడవండి, చుట్లు లెక్కపెట్టవలసిన పని లేదు, గడియారం చూసుకుంటే చాలు. బలం కోసం జిమ్ అక్కరలేదు: కుర్చీలో చేతులు పట్టుకోకుండా కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం, ఒక్కొక్కటి పదేసి సార్లు, వారానికి రెండు మూడు రోజులు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆపి డాక్టరుకు చూపించుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

మీ అత్తగారితో వాదించవద్దు. ఈ విషయంలో అసలు అడ్డంకి ఆవిడ మాట కాదు, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఉండే ఆ గంట. 2024లో ప్రచురితమైన ఒక ప్రపంచవ్యాప్త లెక్క ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని మగవారు 42 శాతం, ఆడవారు 57 శాతం. ఈ తేడాకు కారణం ఆడవాళ్ల బద్ధకమని నేననుకోను. మగవాళ్లు బూట్లు కట్టుకుని బయలుదేరే వేళకు ఆడవాళ్లు కాఫీ, టిఫిను, డబ్బాలు సర్దడంలో ఉంటారు. మీవారిని వ్యాయామం గురించి ఉపన్యాసం వినమనకండి, వారంలో ఐదు రోజులు పొద్దున టిఫిను బాధ్యత తీసుకోమనండి. వైద్య సలహాలో ఇది భాగమేనని, నేను రాసిచ్చినట్టుగానే చెప్పండి.

45 ఏళ్లకు మొదలుపెడితే ఆలస్యమైందా అన్నారు. ఫ్రాన్సులో ముట్లాగిపోయిన 59 వేల మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం మీకు ధైర్యమిస్తుంది. వారానికి కనీసం నాలుగు గంటల నడకకు సమానమైన శ్రమ గత నాలుగేళ్లుగా చేస్తున్నవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు పది శాతం తగ్గింది, అంటే చిన్నప్పటి ఆటపాటలతో పని లేకుండా ఇటీవలి అలవాటే ఫలితమిచ్చింది. దీనికి రెండో వైపు కూడా ఉంది: ఐదు నుంచి తొమ్మిదేళ్ల కిందట చేసి ఆ తరువాత మానేసినవారిలో ఆ మేలు కనిపించలేదు. కూడబెట్టి దాచుకోవడానికి వీలు కానిది ఇది.

ఇక నడకకు లొంగని క్యాన్సర్ల సంగతి. మన దేశపు ఆడవారిలో రొమ్ము క్యాన్సర్ తరువాతి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2020లో దేశంలో కొత్తగా 1,78,361 మందికి రొమ్ము క్యాన్సర్, 1,23,907 మందికి ముఖద్వార క్యాన్సర్ వచ్చాయి. ఈ రెండోదానికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్, దాన్ని ఆపేవి టీకా, పరీక్షలే. పొలంలో ఒళ్లు హూనం చేసుకునే స్త్రీలకు కూడా ఇది వస్తుంది. నోటి క్యాన్సర్ కూడా అంతే. శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో చుట్టను వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు. వాళ్లు నాట్లు వేసి, కుప్పలు నూర్చి, మోపులు మోసినవాళ్లు, వ్యాయామానికి కొదవ ఏమీ లేదు, ఆ శ్రమ పొగ నుంచి వారిని కాపాడలేదు. మీ అమ్మాయికి 17 ఏళ్లు కాబట్టి ఇప్పటికీ వేయించకపోయి ఉంటే హెచ్‌పీవీ టీకా వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే ఇంకా మంచిది, కాని మించిపోయిందేమీ లేదు. ఎన్ని డోసులన్నది డాక్టరు వయసును బట్టి చెబుతారు. ఇంటర్ పేరుతో ఆ పిల్ల ఆటలు పూర్తిగా మాని, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చుంటూ ఉంటే, రోజుకొక గంట ఆడటమో, సైకిలు తొక్కడమో, నడవడమో తిరిగి మొదలుపెట్టించండి. నెలసరి నెలలు తప్పి వస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల అండాశయాలలో వచ్చే సమస్య) ఏమో చూపించండి, ఎందుకంటే ఏళ్ల తరబడి నెలసరి సరిగా రానివారిలో గర్భాశయ లోపొర మందమై, ముందు ముందు అక్కడ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

నడుస్తున్నాను కదా అని పరీక్షలు మానవద్దు. అక్కకు 49లో వచ్చింది, మీకు 45, కనుక మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, మొదలుపెట్టవలసిన వయసులో ఇప్పటికే ఉన్నారు. ఎన్నాళ్లకొకసారి చేయించాలో మీ కుటుంబ చరిత్ర చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మామోగ్రామ్ అందుబాటులో లేని ఊళ్లలోని స్త్రీలు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతి పరీక్షను తక్కువగా చూడనక్కరలేదు. ముంబైలో లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిచిన ప్రయోగంలో, రెండేళ్లకొకసారి ఇలా చేతితో పరీక్షించడం వల్ల జబ్బు ముందు దశలోనే దొరికింది, 50 దాటినవారిలో ఆ జబ్బుతో చనిపోయేవారు దాదాపు 30 శాతం తగ్గారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు రొమ్ము, ముఖద్వారం, నోరు పరీక్షించడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగం, మీ ఏఎన్ఎంను గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. నొప్పి లేని గడ్డ, చంకలో బిళ్ల, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం కలిసిన స్రావం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ముట్లాగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా అదే జాగ్రత్త.

చివరిగా మీ అక్కగారి చేయి. చంకలోని గ్రంథులు తీసినవారికి చేయి వాచే అవకాశం ఉండటంతో, ఆ చేత్తో బిందె కూడా ఎత్తవద్దని పూర్వం వైద్యులే చెప్పేవారు. 2009లో అమెరికాలో, అప్పటికే చేయి వాచి ఉన్న 141 మంది మీద ప్రయోగం చేసి చూశారు. నేర్పుగా, కొద్ది బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వారానికి రెండుసార్లు బరువులు ఎత్తినవారిలో వాపు ఎక్కువ కాలేదు, పైగా వాపు ముదిరిన సందర్భాలు ఎత్తనివారిలో 29 శాతం ఉంటే వీరిలో 14 శాతమే. కాబట్టి భయపడి చేతిని మూలన పెట్టడమే తప్పు. ఆవిడ వాడే మాత్ర లెట్రోజోల్, అనస్ట్రోజోల్ కోవకు చెందినదైతే కీళ్లనొప్పులు సహజం, వాటికీ వ్యాయామం మందులా పనిచేస్తుందని మరో ప్రయోగంలో తేలింది. నడక కూడా తిరిగి మొదలుపెట్టమనండి. చికిత్స అయ్యాక వారానికి మూడు నుంచి ఐదు గంటలు మామూలు వేగంతో నడిచిన, రొమ్ము క్యాన్సర్ వచ్చిన నర్సులలో ఈ జబ్బుతో మరణించేవారు బాగా తక్కువని 2005లో అమెరికాలో గమనించారు. పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద 2025లో వెలువడిన చీటీల ప్రయోగంలోనైతే, మూడేళ్లు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ల తరువాత 90 శాతం మంది జీవించి ఉండగా, సలహా పుస్తకం మాత్రమే ఇచ్చినవారిలో 83 శాతం మందే ఉన్నారు.

బరువుల పని మాత్రం మీ అక్కగారు సొంతంగా మొదలుపెట్టకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడుసార్లు నేర్చుకుని, అరకిలోతో ఆరంభించడం మంచిది. ఆ వైపు చేయి బరువెక్కినట్టు అనిపించినా, గాజులు గాని ఉంగరం గాని ఎప్పుడూ లేనంత బిగుతుగా తోచినా, ఎర్రబడి వేడిగా ఉన్నా, ఆ రోజు బరువులు ఆపి డాక్టరుకు చూపించుకోవాలి, నడక ఆపనక్కరలేదు.